గేమ్ కన్సోల్ రీసెట్: కింది మెట్టు నుంచి ఎక్కండి

ఇవాళ్టి ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది ఇంట్లో ఉండే వీడియో గేమ్ కన్సోల్ గురించి. అంటే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ లాంటివి. అది మొరాయించినప్పుడు ఏం చెయ్యాలి? రీసెట్ అంటే అసలేమిటి? ఏ రీసెట్‌లో ఏం పోతుంది, ఏం పోదు? ఇదీ విషయం.

ఈ మధ్య నాకొస్తున్న ప్రశ్నల్లో ఎక్కువ దీని మీదే. అందులోనూ అమీర్‌పేట, పంజాగుట్ట, ఎస్‌ఆర్ నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లల నుంచి ఎక్కువ వస్తున్నాయి. ఎందుకో ఈ ఏరియా తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కోర్సు కోసం వచ్చిన నలుగురు ఒక గదిలో ఉంటారు. నలుగురూ డబ్బులు వేసుకుని ఒక సెకండ్ హ్యాండ్ పీఎస్ 4 కొంటారు. గదిలో ఉండేది ఒక్కటే ప్లగ్ పాయింటు. దానికో ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికే టీవీ, నాలుగు ఫోన్ ఛార్జర్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, మళ్లీ ఈ కన్సోల్. ఆట మధ్యలో కరెంటు పోతుంది. లేదా ఎవడో ఛార్జర్ పెట్టబోయి కన్సోల్ వైరు పీకేస్తాడు. నాలుగుసార్లు ఇలా జరిగాక ఒకరోజు ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, 'రీసెట్ కొట్టేయ్ రా, సరిపోద్ది' అని.

ఆ మాట దగ్గరే ఆగమంటున్నాను. రీసెట్ అనేది ఒక పని కాదండి. ఒకే పేరుతో పిలిచే ఐదారు వేర్వేరు పనులు. కింద మెట్టు మీద ఏమీ పోదు. చివరి మెట్టు మీద అన్నీ పోతాయి. చాలా సమస్యలు కింది రెండు మూడు మెట్ల దగ్గరే తీరిపోతాయి. కానీ మనవాళ్లు, కొన్నిసార్లు షాపులవాళ్లు కూడా, ఏకంగా చివరి మెట్టు మీదకి దూకుతారు.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మీలో ముప్పై, నలభై దాటినవాళ్లకి గుర్తుంటుంది, టీవీ గేమ్ అని ఉండేది. క్యాసెట్ పెట్టి ఆడేవాళ్లం. మారియో, కాంట్రా. జపాన్‌లో 1983లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కి కాపీ మెషిన్లు అవి. దాని మీద రెండు బటన్లు ఉండేవి: ఒకటి పవర్, ఒకటి రీసెట్. బొమ్మ గీతలు గీతలుగా వస్తే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది, మళ్లీ పెట్టి, రీసెట్ నొక్కేవాళ్లం. నిజానికి ఊదడం వల్ల మేలేం లేదు, నోటి తడికి ఆ రాగి కాంటాక్టులు ఇంకా పాడవుతాయి. క్యాసెట్ తీసి మళ్లీ పెట్టడం వల్ల కాంటాక్టు కుదిరేది, అంతే. ఇక రీసెట్ నొక్కితే ఏమయ్యేది? ఆట మొదటి నుంచి మొదలయ్యేది. పోయేది ఆ పూట స్కోరు ఒక్కటే. ఎందుకంటే మెషిన్‌లో దాచుకునే చోటే లేదు.

ఇప్పుడున్న కన్సోల్ అలాంటిది కాదు. అదొక పూర్తి కంప్యూటర్. లోపల ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, డిస్క్ ఉంటుంది, మీ అకౌంట్లు, మీ సేవ్ ఫైళ్లు ఉంటాయి. 2014లో మన దగ్గరికొచ్చిన మొదటి పీఎస్ 4లో 500 జీబీ హార్డ్ డిస్క్. 2021 ఫిబ్రవరి 2న ఇక్కడ విడుదలైన పీఎస్ 5లో 825 జీబీ ఎస్‌ఎస్‌డీ. అదే రీసెట్ అనే మాట ఇప్పుడు ఆ మొత్తాన్ని తుడిచెయ్యడానికి కూడా వాడుతున్నారు. పాత అలవాటుతో కొత్త బటన్ నొక్కుతున్నాం. గొడవంతా అక్కడుంది.

సరే, మెట్లు ఒక్కొక్కటిగా చూద్దాం. ముందు ప్లేస్టేషన్ తీసుకుంటాను, మన దగ్గర ఎక్కువగా ఉండేది అదే. తర్వాత ఎక్స్‌బాక్స్, స్విచ్ చెప్తాను.

మొదటి మెట్టు, పూర్తిగా ఆపడం. చాలామంది ఆపాం అనుకుంటారు కానీ అది రెస్ట్ మోడ్‌లో ఉంటుంది. రెస్ట్ మోడ్ అంటే కునుకు మాత్రమే, నిద్ర కాదు. మెనూలోకి వెళ్లి టర్న్ ఆఫ్ ఇవ్వండి. మెనూ కనిపించకపోతే కన్సోల్ మీది పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపండి. లైటు పూర్తిగా ఆరిపోయాకే ప్లగ్ తీయండి. ఒక నిమిషం ఆగండి. మళ్లీ పెట్టేటప్పుడు ఎక్స్‌టెన్షన్ బాక్సులో కాకుండా నేరుగా గోడకున్న సాకెట్‌లో పెట్టండి. హెచ్‌డీఎంఐ వైరు రెండు వైపులా తీసి మళ్లీ గట్టిగా పెట్టండి, వీలైతే వేరే వైరు, టీవీలో వేరే పోర్టు కూడా చూడండి. ఆట బిగుసుకుపోవడం, నెట్ దొరకకపోవడం, సౌండ్ రాకపోవడం లాంటివి చాలావరకు ఇక్కడే తీరతాయి. పోయేదేమీ లేదు.

రెండో మెట్టు, కంట్రోలర్ రీసెట్. కన్సోల్ ఆన్ అవుతుంది, కంట్రోలర్ మాత్రం కలవదు. హాస్టల్లో పక్క గదివాడి కన్సోల్‌కి మీ కంట్రోలర్ ఒకసారి తగిలించారంటే ఇది తప్పదు, అది అక్కడే జతకట్టి ఉంటుంది. పీఎస్ 4 కంట్రోలర్ వెనక, ఎల్ 2 బటన్‌కి దగ్గరగా చిన్న రంధ్రం ఉంటుంది. పీఎస్ 5 దానికైతే వెనక సోనీ లోగో పక్కన. కన్సోల్ ఆపేసి, పేపర్ క్లిప్ విప్పి ఆ రంధ్రంలో ఓ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత యూఎస్‌బీ వైరుతో కన్సోల్‌కి కలిపి, మధ్యలో ఉన్న పీఎస్ బటన్ నొక్కండి. ఇక్కడో జాగ్రత్త. కొన్ని వైర్లు ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి, డేటా వెళ్లదు. కంట్రోలర్ కలవలేదంటే ముందు వైరు మార్చి చూడండి.

మూడో మెట్టు, సేఫ్ మోడ్. కన్సోల్ ఆపి ఉన్నప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. ఒక బీప్ వస్తుంది, వదలకండి. దాదాపు 7 సెకన్లకి రెండో బీప్ వస్తుంది, అప్పుడు వదలండి. కంట్రోలర్‌ని వైరుతో కలిపి పీఎస్ బటన్ నొక్కితే ఒక జాబితా వస్తుంది. అందులో 7 వరసలు ఉంటాయి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి: 1 నుంచి 5 వరకు మీ ఆటలు, సేవ్ ఫైళ్లు ఉంటాయి. 6, 7 నొక్కితే పోతాయి. 5కీ 6కీ మధ్య ఓ గీత గీసుకోండి.

1, మామూలు రీస్టార్ట్. 2, రిజల్యూషన్ మార్చడం, పీఎస్ 5లో వీడియో అవుట్‌పుట్ అని ఉంటుంది. శబ్దం వస్తోంది, బొమ్మ రావట్లేదంటే ఇదే చెయ్యాలి. 3, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. 4, సెట్టింగులన్నీ మొదట్లో ఉన్నట్టు చెయ్యడం. ఆటలు అలాగే ఉంటాయి, సెట్టింగులు మాత్రం మళ్లీ పెట్టుకోవాలి.

ఐదోది రీబిల్డ్ డేటాబేస్. పీఎస్ 5లో దీనితోపాటు క్యాష్ క్లియర్ చేసేది కూడా ఉంటుంది. దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే పేరు చూసి భయపడి దీన్ని వదిలేస్తున్నారు, 6 మీద నొక్కేస్తున్నారు.

అమీర్‌పేటలో ఉన్నాం కదా, అమీర్‌పేట భాషలోనే చెప్పుకుందాం. మైత్రీవనం చుట్టుపక్కల ఏ ఇన్‌స్టిట్యూట్‌లో డెమో క్లాసుకి వెళ్లినా చెప్తారు, టేబుల్ వేరు, ఇండెక్స్ వేరు అని. టేబుల్‌లో అసలు సమాచారం ఉంటుంది. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక ఇండెక్స్. పుస్తకం వెనక పేజీ నంబర్లు ఉంటాయి చూడండి, అలాగన్నమాట. ఇండెక్స్ చెడిపోతే ఏం చేస్తాం? దాన్ని మళ్లీ కడతాం. టేబుల్ జోలికి పోం. కన్సోల్‌లో కూడా అంతే. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు, డిస్క్ మీద రాస్తున్న పని మధ్యలో ఆగిపోతుంది. ఆట ఫైళ్లు బాగానే ఉండొచ్చు, పట్టిక తప్పుతుంది. దాంతో మెనూ నత్తనడక నడుస్తుంది, ఉన్న ఆట లేనట్టు చూపిస్తుంది, ఆట మధ్యలో మూసుకుపోయి పీఎస్ 4లో సీఈ-34878-0 అనో, పీఎస్ 5లో సీఈ-108255-1 అనో ఎర్రర్ వస్తుంది. రీబిల్డ్ చేస్తే డిస్క్ మొత్తం చదివి పట్టిక కొత్తగా కడుతుంది. డిస్క్ నిండుగా ఉంటే గంటలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోకుండా చూసుకోండి, ఇన్వర్టర్ ఉన్న చోట చెయ్యండి.

మరి 6 ఏమిటి? పీఎస్ 4లో ఇనిషియలైజ్ అని, పీఎస్ 5లో రీసెట్ అని ఉంటుంది. ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నవాళ్లకి ఒక్క మాటలో చెప్తాను: అది డ్రాప్ టేబుల్. ఇండెక్స్ చెడిందని ఎవరైనా టేబుల్ డ్రాప్ చేస్తారా? బ్యాకప్ తీసుకోకుండా చేస్తే ఆ సాయంత్రానికి ఉద్యోగం ఉంటుందా? మరి ఇంట్లో ఎందుకు చేస్తున్నాం?

ఏం పోతుందో చెప్పడానికి నాకు తెలిసిన ఒక సంగతి చెప్తాను. పంజాగుట్టలో ఒకావిడకి ఇద్దరు కొడుకులు. పెద్దబ్బాయి ఎంఎస్ చెయ్యడానికి అమెరికా వెళ్లాడు. పీఎస్ 4 ఇంట్లోనే ఉంది, చిన్నోడు ఆడుకుంటాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక ఫుట్‌బాల్ ఆటలో నాలుగేళ్లుగా ఒక టీమ్ నడిపారు. ఆటగాళ్లకి తెలుగు పేర్లు పెట్టుకున్నారు, వాళ్ల వీధిలో పిల్లల పేర్లే. అన్న వెళ్లాక కూడా తమ్ముడు ఆ టీమ్‌నే నడుపుతూ, ఆదివారం వీడియో కాల్‌లో స్కోర్లు చెప్పేవాడు. పాత టీవీ తీసి గదిలో వేరే టీవీ పెట్టారు, బొమ్మ రాలేదు. ఆవిడ ఒక షాపుకి తీసుకెళ్లారు. వాళ్లు ఏమీ అడగలేదు, 6 కొట్టి ఇచ్చేశారు. బొమ్మ వచ్చింది. టీమ్ పోయింది. చెయ్యాల్సింది రెండో వరస, రిజల్యూషన్. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

షాపువాళ్లందరూ ఇంతే అని నేననను. వాళ్ల వైపు నుంచి చూస్తే 6 కొట్టడం తేలిక, అన్ని సమస్యలకీ ఒకే మందు, కస్టమర్ బయట నిలబడి ఉంటాడు. అందుకే ఇచ్చేటప్పుడు మనమే నోరు తెరిచి చెప్పాలి: 'అన్నా, లోపల సేవ్‌లు ఉన్నాయి, డేటా పోకుండా చూడు. పోయేలా ఉంటే నాకు ఫోన్ చేసి అడిగాకే చెయ్యి.' ఈ మాట రసీదు మీద రాయించుకోండి. రిపేరుకి ఇచ్చే ముందు వీలైతే అకౌంట్ సైన్ అవుట్ చెయ్యండి, అందులో మీ కార్డు వివరాలు ఉండొచ్చు.

ఇప్పుడు బ్యాకప్. పీఎస్ 4లో సేవ్ ఫైళ్లని పెన్‌డ్రైవ్‌లోకి ఉచితంగా కాపీ చేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో అప్లికేషన్ సేవ్డ్ డేటా మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లండి, సిస్టమ్ స్టోరేజ్‌లో ఉన్నవి ఎంచుకుని యూఎస్‌బీకి కాపీ కొట్టండి. ఆటలు పెద్దవి కానీ సేవ్ ఫైళ్లు చాలా చిన్నవి, ఇంట్లో ఉన్న ఏ పెన్‌డ్రైవైనా చాలు. పీఎస్ 5లో చిక్కుంది. పీఎస్ 5 ఆటల సేవ్‌లని విడిగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోనివ్వదు. ప్లేస్టేషన్ ప్లస్ చందా ఉంటే క్లౌడ్‌లోకి వెళ్తాయి. చందా లేకపోతే, సెట్టింగ్స్‌లో బ్యాకప్ అండ్ రీస్టోర్ అని ఉంటుంది, దాంతో బయటి డ్రైవ్‌లోకి మొత్తం బ్యాకప్ తీసుకోవచ్చు. ఎవరి అకౌంట్ సేవ్ వాళ్లదే. నలుగురు ఆడే గదిలో నలుగురి సేవ్‌లూ తీశారో లేదో చూసుకోండి.

7 ఏమిటంటే, తుడవడంతోపాటు సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ని కూడా కొత్తగా ఎక్కించడం. పీఎస్ 4లో హార్డ్ డిస్క్ మార్చినప్పుడు ఇది అవసరం. ప్లేస్టేషన్ అధికారిక సైట్ నుంచి రీఇన్‌స్టలేషన్ కోసం ఇచ్చిన ఫైల్ దించుకోవాలి. మామూలు అప్‌డేట్ ఫైల్ వేరు, ఇది వేరు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్ 32 లేదా ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, పీఎస్ 4 అనే ఫోల్డర్, దాని లోపల అప్‌డేట్ అనే ఫోల్డర్, అందులో ఆ ఫైల్ పెట్టాలి. పేర్లన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండాలి. పీఎస్ 5కి కూడా ఇదే పద్ధతి, ఫోల్డర్ పేరు పీఎస్ 5. ఫైల్ దొరకట్లేదు అని స్క్రీన్ మీద వస్తే, నూటికి తొంభైసార్లు తప్పు ఈ పేర్లలోనే ఉంటుంది.

ఎక్స్‌బాక్స్ వాళ్లకి పని కాస్త తేలిక. పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే పూర్తిగా ఆగుతుంది. రీసెట్ అడిగినప్పుడు రెండు దారులు చూపిస్తుంది: అన్నీ తీసెయ్యడం ఒకటి, ఆటలు, యాప్‌లు ఉంచి మిగతాది రీసెట్ చెయ్యడం ఇంకొకటి. ముందు రెండోదే చెయ్యండి. సేవ్‌లు క్లౌడ్‌లోకి ఉచితంగానే వెళ్తాయి, కానీ నెట్ ఉన్నప్పుడే. నెట్ లేకుండా వారం రోజులు ఆడి రీసెట్ కొడితే ఆ వారం ఆట పోయినట్టే. కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టైనా ఒకసారి సింక్ అవనివ్వండి.

నింటెండో స్విచ్‌లో పవర్ బటన్ 12 సెకన్లు పట్టుకుంటే బలవంతంగా ఆగుతుంది. ఆపేసి ఉన్నప్పుడు సౌండ్ పెంచే, తగ్గించే బటన్లు రెండూ పట్టుకుని పవర్ నొక్కితే మెయింటెనెన్స్ మెనూ వస్తుంది. సేవ్ డేటా పోకుండా ఇనిషియలైజ్ చేసే దారి అందులో ఉంటుంది. ఒకటి మాత్రం అపోహ: మెమరీ కార్డు ఉంది కదా, సేవ్‌లు అందులో ఉంటాయిలే అనుకుంటారు. ఉండవు. ఆటలు కార్డులో ఉంటాయి, సేవ్‌లు మెషిన్‌లోనే ఉంటాయి.

ఇక రీసెట్‌తో తీరనివి చెప్తాను, డబ్బులూ టైమూ మిగులుతాయి. ఒకటి వేడి. ప్లేస్టేషన్లని 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని కంపెనీయే రాస్తుంది. మన హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పై అంతస్తు గది 35 ఎప్పుడో దాటేస్తుంది. పైగా రోడ్డు మీద దుమ్ము. ఫ్యాన్ విమానంలా మోగుతోంది, అరగంట ఆడాక ఆగిపోతోంది అంటే రీసెట్ కాదు, దుమ్ము తీయించాలి, అల్మారాలోంచి బయట పెట్టాలి. రెండు, హెచ్‌డీఎంఐ పోర్టు. లోపల పిన్ను వంగితే సాఫ్ట్‌వేర్ ఏమీ చెయ్యలేదు. మూడు, డిస్క్. రీబిల్డ్ చేశారు, బాగైంది, వారానికి మళ్లీ అదే. మళ్లీ చేశారు, మళ్లీ అదే. అప్పుడు డిస్క్ చెడిపోతోందని అర్థం. పీఎస్ 4 వాడేవాళ్లు అదృష్టవంతులు, ల్యాప్‌టాప్‌లో వాడే 2.5 అంగుళాల డిస్కే సరిపోతుంది. అమీర్‌పేటలో బ్లూ లైన్ మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అక్కడ దొరుకుతుంది. పీఎస్ 5లో లోపలి ఎస్‌ఎస్‌డీ బోర్డుకే అతికించి ఉంటుంది, అది మనం మార్చుకునేది కాదు. నాలుగు, ఆటలో మనిషి తనంతట తాను పక్కకి నడిచిపోవడం. అది కంట్రోలర్ స్టిక్ అరిగిపోవడం, రంధ్రంలో ఎన్నిసార్లు నొక్కినా బాగవదు.

చివరిగా, చివరి మెట్టు సరైన పని అయ్యే సందర్భం ఒకటుంది: అమ్మేటప్పుడు. కోర్సు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, గది ఖాళీ చేస్తున్నారు, కన్సోల్ కింద గదివాళ్లకి ఇస్తున్నారు. అప్పుడు తప్పకుండా తుడిచే ఇవ్వండి. దానికి ముందు సేవ్‌లు తీసుకోండి, పీఎస్ 4లో ప్రైమరీ కన్సోల్‌గా ఉన్నదాన్ని డీయాక్టివేట్ చెయ్యండి, తర్వాత 6. కొనేవాళ్లకి కూడా ఒక మాట. డబ్బులు ఇవ్వకముందే మీ అకౌంట్‌తో ఆన్‌లైన్‌లోకి వెళ్లి చూడండి. కంపెనీ బ్యాన్ చేసిన మెషిన్ అయితే ఏ రీసెట్‌తోనూ ఆ బ్యాన్ పోదు. కొని ఇంటికి తెచ్చాక తెలిస్తే అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

మొత్తం కలిపి మళ్లీ చెప్తాను. ముందు పూర్తిగా ఆపి, వైర్లు చూసి, ఆన్ చెయ్యండి. తర్వాత కంట్రోలర్. తర్వాత సేఫ్ మోడ్‌లో 1 నుంచి 5, వరసగా. ఒక్కో మెట్టు తర్వాత ఆడి చూడండి, తీరితే అక్కడే ఆగిపోండి. 6 దాకా వెళ్లాల్సి వస్తే బ్యాకప్ చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ఇవాళ మీ కన్సోల్ బాగానే పనిచేస్తోందా? అయితే బ్యాకప్ తియ్యడానికి సరైన రోజు ఇవాళే. చెడిపోయాక తీద్దామంటే మెనూ కనిపించదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని వాళ్లకి కూడా నేర్పండి, వాళ్ల సేవ్‌లు వాళ్లకి పెద్ద ఆస్తి. మనకి ఆటే అనిపిస్తుంది, వాళ్లకి అది మూడేళ్ల కష్టం.

ఇవాళ్టికి ఇంతే అండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంట్లో వైఫై రూటర్ ఎక్కడ పెట్టాలి, హాస్టల్ వైఫైలో ఆట ఎందుకు తడబడుతుంది అనేది మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు, నమస్కారం.